అమ్మ చేతికి కట్టు, గరిటె నా చేతికి: ఈ వేసవిలో నా వంట అనుభవం

ఏప్రిల్ 11న పెరట్లో బట్టలు ఆరేస్తూ అమ్మ కాలు జారి పడింది. కుడి చెయ్యి నేలకి ఆన్చేసరికి మణికట్టు దగ్గర ఎముక విరిగింది. ఎక్స్‌రే, డాక్టరు, కట్టు అన్నీ ఆ సాయంత్రానికే అయిపోయాయి. ఆరు వారాలు కట్టు ఉండాలి, ఆ చేత్తో చెంబు కూడా ఎత్తకూడదు, వేళ్ళు మాత్రం ఆడిస్తూ ఉండాలి అన్నారు. ఆస్పత్రి సంగతి ఇంతే. మాకు అసలు కష్టం మర్నాడు పొద్దున్న మొదలైంది, పొయ్యి దగ్గర ఎవరు నిలబడతారు అని.

ఇది ఎందుకు రాస్తున్నానంటే, నాకు అప్పుడు రెసిపీలు ఫోన్ నిండా దొరికాయి గానీ పొద్దున్నే ఏం కొనాలి, ముగ్గురికి ఎంత కొనాలి, తరగడానికే ఎంతసేపు పడుతుంది, నెలకి ఎంత తేలుతుంది, ఇవి చెప్పినవాళ్ళు ఒక్కరూ దొరకలేదు. ఎవరికైనా ఇలాంటి పరిస్థితి వస్తే పనికొస్తుందని.

వైజాగ్‌లో మా ఇంట్లో ముగ్గురం. నాన్న పోర్టులో చేసి రిటైరయ్యారు, బీపీ ఉంది, పన్నెండున్నరకి కంచం ముందు కూర్చుంటారు, పన్నెండు నలభై అయిందంటే ఏమీ అనరు గానీ గడియారం వంక చూస్తారు. నాకు ఋషికొండ వైపు ఆఫీసు, మధ్యాహ్నం రెండింటికి షిఫ్ట్. అక్క హైదరాబాద్‌లో, చంటిపిల్లతో ఉంది, వస్తానంది కానీ అమ్మే వద్దంది. వంటమనిషి కోసం అడిగితే ఒకావిడ రెండు పూటలకీ నెలకి ఎనిమిది వేలు అంది, అదీ మే ఒకటో తారీఖు నుంచే కుదురుతుందంది. అప్పటిదాకా ఎలాగోలా నెట్టుకొద్దాంలే అనుకుని మొదట్లో కర్రీ పాయింట్ నుంచి కూరలు తెచ్చాం, రాత్రికి ఆర్డర్ పెట్టాం. రోజుకి దగ్గర దగ్గర ఆరొందలు అయ్యేది. డబ్బు పక్కన పెట్టండి, నాలుగో రోజుకే ఏ కూర తిన్నా ఒకటే రుచి, దొండకాయో బెండకాయో కళ్ళు మూసుకుని తింటే చెప్పలేం. నాన్నకి బీపీ పెరిగింది, అది ఆ కూరల్లో ఉప్పు వల్లో అమ్మ మీద బెంగ వల్లో తెలీదు. అమ్మ మాత్రం ఒకటే మాట, "నేను కుర్చీలో కూచుని చెప్తాను, నువ్వు చెయ్యి. చేతులున్నాయిగా నీకు."

మర్నాడు పొద్దున్న ఆరుంపావుకి ఎంవీపీ కాలనీ రైతుబజార్‌లో ఉన్నాను. వెళ్ళేముందు నేను చీటీ రాసుకుంటుంటే అమ్మ లాక్కుంది (ఎడం చేత్తో). చీటీ రాసుకుంటే అందులో ఉన్నదాని కోసం వెతుకుతావు, వాడిపోయిందైనా కొనేస్తావు, ఊరికే ఒక చుట్టు తిరిగి ఏది గుట్టలుగా పోసుందో, ఏది నాలుగు దుకాణాల్లోనూ ఉందో చూసి అది తీసుకో అంది. అప్పుడు నవ్వొచ్చింది గానీ ఇప్పుడు ఇది చదివేవాళ్ళకి చెప్పేది కూడా అదే. లోపలికి వెళ్ళగానే ఆ రోజు ధరల బోర్డు ఉంటుంది, కిలో ఎంతో రాసి పెడతారు. నాలుగు రోజులు వరసగా ఆ బోర్డు చదివితే మీకే తెలిసిపోతుంది, కింద ధర ఉన్నదే ఆ వారం బాగా కాస్తున్నది, అదే లేతగా కూడా ఉంటుంది. ఏప్రిల్లో ఆనపకాయ, దోసకాయ, దొండకాయ, మునక్కాయ, మామిడికాయ, ఇవి ఎక్కడ చూసినా ఉన్నాయి. నిమ్మకాయలు, కొత్తిమీర మాత్రం ముట్టుకుంటే కాలేలా ఉన్నాయి. ఎండాకాలం అంతా అంతేనట. నిమ్మకాయ బదులు మామిడికాయ ఉంది కదా, ఆ రెండు నెలలూ మా ఇంట్లో పులిహోర కూడా మామిడికాయదే.

ఆకుకూరల దగ్గర కూచునే ఒకావిడ, ఆనందపురం వైపు నుంచి తెల్లారకుండానే బస్సెక్కి వస్తుంది, నన్నెప్పుడూ చూసి ఉండదు. నా చేతిలో సంచి చూసి గుర్తుపట్టింది. "ఏటి బాబూ, అమ్మగారు రాలేదేటి?" అంది. చెయ్యి విరిగింది అన్నాను. అయ్యో అయ్యో అనుకుంటూ నేను తీసుకున్న తోటకూర కట్టలు రెండూ వెనక్కి పెట్టేసి, కింద గోనె మీద నుంచి వేరే రెండు తీసిచ్చింది. రెండింటికీ తేడా ఏంటో నాకు అప్పుడు తెలియలేదు. ఇంటికొచ్చాక అమ్మ కాడ విరిచి చూపించింది, లేతదైతే పుటుక్కున విరుగుతుంది, ముదిరితే పీచు సాగుతుంది. బెండకాయ కొన విరిచి చూడ్డం అందరికీ తెలుసు. బీరకాయ మాత్రం తరిగేటప్పుడు ప్రతి కాయా చిన్న ముక్క నోట్లో వేసుకుని చూడాలి, ఒక్క చేదు కాయ పడినా మొత్తం కూర పారబోయాల్సిందే, ఇది నాకు కొత్త.

ఆ రోజు మెనూ మామిడికాయ పప్పు, ఆనపకాయ కూర, మజ్జిగ. ఎనిమిదింటికి మొదలుపెడితే పన్నెండుంపావుకి అయింది. నవ్వకండి. వండటానికి పట్టింది ముప్పావుగంటే, మిగతా అంతా కడగడం, చెక్కు తీయడం, తరగడం, డబ్బాలు వెతకడం. ఈ విషయం ఏ వీడియోలోనూ ఉండదు, అందులో అన్నీ చిన్న చిన్న గిన్నెల్లో ముందే తరిగి పెట్టేసి ఉంటాయి. అమ్మ వంటగది గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, కట్టు ఉన్న చెయ్యి దిండు మీద పెట్టుకుని కూచుంది. పప్పులో మామిడికాయ ముక్కలు ముందే వేసేస్తానంటే ఆపింది, పులుపు తగిలితే పప్పు ఉడకదు, పప్పు ముందు మెత్తగా ఉడికాకే ముక్కలు. తర్వాత చింతచిగురుకీ, గోంగూరకీ కూడా ఇదే సూత్రం.

పెద్ద చిక్కు ఉప్పు కారాల దగ్గర వచ్చింది. ఎంత వెయ్యాలి అంటే "చూసి వెయ్యి" అంటుంది. చూసి వెయ్యడానికి నాకేం కనబడుతుంది? అక్క ఫోన్లో ఒక ఉపాయం చెప్పింది, అమ్మని ఎడం చేత్తో ఎప్పటిలాగే తీసి ఒక ప్లేట్లో వెయ్యమని, దాన్ని నువ్వు చెంచాతో కొలుచుకో అని. అలా కొలిస్తే అమ్మ "కాస్త ఉప్పు" పావుకిలో కూరకి చెంచాకి కొంచెం తక్కువ, "చిటికెడు ఇంగువ" నిజంగానే చిటికెడు, "కొంచెం నూనె" మాత్రం మూడు పెద్ద చెంచాలు! అవన్నీ ఫ్రిజ్ తలుపు మీద కాగితం రాసి అంటించాను. నాన్న అది చదివి, నూనె దగ్గర పెన్ను పెట్టి మూడు కొట్టేసి రెండు చేశారు. అమ్మ చూసింది, ఏమీ అనలేదు.

ఏప్రిల్ 15 నుంచి చేపల వేట నిషేధం. మన తూర్పు తీరంలో జూన్ 14 దాకా 61 రోజులు, గుడ్లు పెట్టే కాలం కాబట్టి మరబోట్లు, మోటారు బోట్లు సముద్రంలోకి వెళ్ళవు. వైజాగ్‌లో పుట్టి పెరిగిన నాకు అది న్యూస్‌లో వచ్చే వార్తే, మా ఆదివారం కూరకి దానికీ ఉన్న సంబంధం నాకెప్పుడూ పట్టలేదు, ఎందుకంటే ఆ రెండు నెలలూ అమ్మ ఏదో ఒకటి సర్దేసేది. దొరికే కొద్దిపాటి సముద్రం చేప, తెప్పల వాళ్ళు తెచ్చేది, ధర అడగడానికే భయం. చెరువు చేప, అంటే శీలావతి, బొచ్చె ఉంటాయి, నాన్న ముట్టరు, మట్టి వాసన అంటారు. అందుకని ఎండు నెత్తళ్ళు, అంటే ఎండబెట్టిన చిన్న చేపలు. పూర్ణా మార్కెట్ వైపు వెళ్ళి పావుకిలో తెచ్చాను. తలలు తుంచడం నాన్న పని, పేపర్ పరుచుకుని టీవీ ముందు కూచుని తుంచారు, పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి అనుకుంటా అని అమ్మ అంది. నూనె లేకుండా దోరగా వేయించి, వేడినీళ్ళలో రెండు మూడుసార్లు కడగాలి, లేకపోతే ఇసుక కరకరలాడుతుంది. ఉల్లిపాయ, పచ్చిమిర్చి మగ్గాక మామిడికాయ ముక్కలు, కొంచెం నీళ్ళు, అవి సగం ఉడికాక నెత్తళ్ళు. ఉప్పు చివర్లో రుచి చూశాకే. మసాలా ఏమీ లేదు. ఆ వాసన మాత్రం రెండు రోజులు ఇంట్లోంచి పోదు, పై వాటా ఆంటీ మెట్ల మీదే అడిగేశారు, "మీ ఇంట్లో నెత్తళ్ళా, నాకో గిన్నెడు పంపకూడదూ" అని. బయటి మనిషి నా వంట అడిగి మరీ తిన్నది అదే మొదలు. చాలా సంతోషం వేసింది, అంత చిన్నదానికి అంత సంతోషం ఏంటో.

మధ్యలో సింహాచలం చందనోత్సవం వచ్చింది, అక్షయ తృతీయ రోజు. ఆ రోజుల్లో పనసకాయలు బాగా దిగుతాయి. పనసపొట్టు బజార్లోనే కొట్టి ఇస్తారు, ఇంట్లో కొట్టే ధైర్యం చెయ్యకండి, ఆ జిగురు చేతులకి అంటిందంటే సబ్బుకి లొంగదు, నూనె రాసుకోవాలి. పసుపు, ఉప్పు వేసి ఉడకబెట్టి, చల్లారాక గట్టిగా పిండాలి. ఎంత గట్టిగా అంటే, నేను పిండి అయిపోయిందన్నాక అమ్మ చూసి ఇంకా పిండు అంది, ఇంకో అరగ్లాసు నీళ్ళు వచ్చాయి. పోపు ఎక్కువే పడుతుంది, ఎండుమిర్చి, శనగపప్పు, కరివేపాకు, తర్వాత చింతపండు రసం. స్టవ్ కట్టేశాకే ఆవ పెట్టాలి, ఆవముద్ద పొయ్యి మీద ఉడికితే చేదెక్కుతుంది. వండిన రోజు కంటే మర్నాడు బావుంటుందని అందరూ అంటారు, నిజమే, కాకపోతే మర్నాటికి మిగలాలి కదా.

పచ్చి జీడిపప్పు ఒక్కసారే కొన్నాను. వందరూపాయలకి గుప్పెడు కంటే కాస్త ఎక్కువ వచ్చాయి. అమ్మే ఆవిడ వేళ్ళు నల్లగా కమిలిపోయి ఉన్నాయి, జీడి రసం వల్ల, ఆ చేతులు చూశాక బేరం ఆడబుద్ధి కాలేదు. వేడినీళ్ళలో వేస్తే తొక్క ఊడిపోతుంది, లేత వంకాయలతో కలిపి కూర, నీళ్ళు కూడా చిలకరించినంతే. ఏటా రెండు మూడు వారాలు దొరికే సరుకు అది, అందులో గరం మసాలా కలిపి ముద్ద చేసేవాళ్ళని చూస్తే నాకు ఇప్పుడు కోపం వస్తుంది. మార్చిలో ఈ మాట ఎవరైనా అంటే నేనే వెక్కిరించేవాడిని.

మే మొదటి వారం నుంచి అసలు నరకం. వైజాగ్ ఎండ తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, వేడి కంటే ఉక్క. స్టవ్ వెలిగిస్తే ఫ్యాన్ వెయ్యకూడదు. కూర కలుపుతూ నిలబడితే చొక్కా పిండుకోవచ్చు. ఆకలి కూడా చచ్చిపోతుంది, వండినవాడికి వండాక తినబుద్ధి కాదు అని అమ్మ ఎన్నిసార్లు అనగా విన్నానో, అదేదో మర్యాదకి అంటోంది అనుకునేవాడిని. అప్పటినుంచి టైమ్ మార్చేశాను. రాత్రి షిఫ్ట్ అయ్యి పదకొండింటికి వచ్చాక కూర తరిగి ఫ్రిజ్‌లో పెట్టడం, పొద్దున్న అయిదున్నరకే పప్పు, కూర అవజేసెయ్యడం, అప్పుడు బజార్‌కి వెళ్ళి మర్నాటికి తెచ్చుకోవడం. దీంతో పన్నెండింటికి అన్నం ఒక్కటే మిగిలేది. నిద్ర మాత్రం తక్కువైంది, మధ్యాహ్నం ఆఫీసు కాల్‌లో ఆవలింతలు.

ఎండాకాలం ఇంకొన్ని తమాషాలు. దోశల పిండి రాత్రంతా బయట పెట్టే పని లేదు, అయిదారు గంటల్లోనే పొంగి గిన్నె దాటి వచ్చేస్తుంది. పెరుగు పొద్దున్న తోడేస్తే మధ్యాహ్నానికే పులుపు. పొద్దున్న చేసిన పప్పు రాత్రికి ఫ్రిజ్‌లో పెట్టకపోతే అనుమానమే, కొబ్బరి వేసిన కూర అయితే అనుమానం కూడా లేదు, పోయినట్టే. ఆకుకూర కడక్కుండా, పొడి గుడ్డలో చుట్టి పెడితే రెండు రోజులు ఆగుతుంది. అందుకే వారానికి సరిపడా ఒకేసారి కొనేసే పద్ధతి ఈ కాలంలో కుదరదు, రోజు విడిచి రోజు వెళ్ళాల్సిందే. రాత్రిళ్ళు మేము వండటం మానేశాం. పెరుగన్నం, దోసకాయ పచ్చడి, ఒక్కోసారి అమ్మ అడిగితే చోడి (రాగి) అంబలి. నేను పొద్దున్న బజార్ నుంచి వస్తూ తాటిముంజలు దొరికిన రోజు అవే తెచ్చేవాడిని, రోడ్డు పక్క అప్పటికప్పుడు కాయ కొట్టి తీసిచ్చేవాడి దగ్గరే, తీసి పెట్టినవి కొనకండి, ముదురు అంటగడతారు.

అమ్మ సంగతి చెప్పాలి. నొప్పి రెండు వారాలకి తగ్గింది కానీ ఊరికే కూచోవడం ఆవిడకి నొప్పి కంటే ఎక్కువైంది. ఒకరోజు నేను చింతచిగురు దూస్తున్నాను, అరచేతుల మధ్య నలిపి పుల్లలు ఏరాలి, గంట పడుతుంది. అమ్మ పక్కనే కూచుని ఎడం చేత్తో పుల్లలు ఏరుతూ ఏరుతూ ఉన్నట్టుండి ఏడ్చేసింది. ఏమైందమ్మా అంటే, "ఏం లేదురా, ఈ ఇంట్లో నాకు ఇప్పుడు పనేంటి" అంది. ఏం చెప్పాలో తెలీలేదు. పోపులో ఎండుమిర్చి ముందా ఆవాలు ముందా అని అడిగాను. తెలిసే అడిగాను. కళ్ళు తుడుచుకుని, ఇన్నాళ్ళూ ఏం నేర్చుకున్నావురా నువ్వు అని తిట్టడం మొదలెట్టింది, కాస్త కుదుటపడింది.

వంటమనిషి మే ఒకటిన ఫోన్ చేసింది. అప్పటికే గాడిలో పడ్డాం కాబట్టి వద్దన్నాం, గిన్నెలు తోమడానికి మాత్రం మనిషిని పెట్టుకున్నాం, నెలకి పన్నెండొందలు. ఎవరైనా నన్నడిగితే ముందు గిన్నెలకి మనిషిని పెట్టుకోండి అంటాను, వంట విసుగు రాదు, వంట తర్వాత సింక్ చూస్తే వస్తుంది.

ఖర్చు చెప్తానన్నాను. కూరగాయలు, ఆకుకూరలు కలిపి వారానికి ఆరేడొందలు, ముగ్గురికి, అందులో మామిడికాయలు కూడా. పాలు, బియ్యం, పప్పులు, నూనె ఎప్పటిలాగే. ఆర్డర్లు పెట్టిన మొదటి రోజుల్లో ఒక్క రోజుకి అయింది ఇక్కడ వారం కూరలకి సరిపోయింది. కానీ నా టైమ్ లెక్క వేసుకుంటే చవక అని చెప్పను. అలవాటయ్యాక కూడా బజారుతో కలిపి రోజుకి రెండున్నర గంటలు పోయేవి. ఉద్యోగం పొద్దున్న తొమ్మిదింటికి ఉన్నవాళ్ళకి ఇది ఇలాగే కుదరదు, వాళ్ళు ఒక పప్పు, ఒక వేపుడుతో ఆపెయ్యాలి, అది తప్పు కాదు.

మే 23న కట్టు తీశారు. చెయ్యి సన్నబడిపోయి, చర్మం పొట్టు రాలి, మణికట్టు అసలు వంగదు. కట్టు తీస్తే మర్నాటి నుంచి అమ్మ వంటగదిలోకి వచ్చేస్తుంది అని మేమంతా అనుకున్నాం, అదేం లేదు, ఫిజియోథెరపీ ఇంకో నెలా రెండు నెలలు పడుతుందన్నారు. ఎవరికైనా ఇంట్లో ఇలా అయితే ఆరు వారాలు అనుకుని ప్లాన్ చేసుకోకండి, మూడు నెలలు అనుకోండి.

రోహిణి కార్తె దాటితే ఏ రోజు వాన పడుతుందో తెలీదు, ఆ లోపే ఆవకాయ. పన్నెండు పులుపు కాయలు, పీచున్నవి, టెంక గట్టిపడినవి. కాయలు కడిగి బాగా తుడిచి తీసుకెళ్తే బజార్లో కత్తిపీట మీద కొట్టిస్తారు, కాయకి ఇంత అని తీసుకుంటారు. ఇంటికొచ్చాక లోపలి జీడి తీసి, పొర గీకి, ఒక్కో ముక్కా పొడిగుడ్డతో తుడవడం నాన్న, నేను. ఈ సముద్రం గాలికి గల్లుప్పు చెమ్మెక్కి ఉంటుంది, ఎండలో పోసి వేడిగా అయ్యాక దంచాలి. నాలుగు గ్లాసుల ముక్కలకి గ్లాసు ఆవపిండి, గ్లాసు కారం, ముప్పావు గ్లాసు ఉప్పు, మెంతులు ఒక చెంచా, వెల్లుల్లి, ముక్క మునిగేలా పప్పునూనె (నువ్వుల నూనె). కలిపేది మాత్రం నేనే అంది అమ్మ, ఎడం చేత్తోనే కలిపింది, కుడి చేత్తో బేసిన్ అంచు పట్టుకోగలిగింది. మూడో రోజు తిరగకలిపితే నూనె పైకి తేలింది, ఉప్పు సరిపోయింది.

జూన్ 14 అర్ధరాత్రితో నిషేధం అయిపోయింది. ఆ మర్నాడే చేపలు చవకైపోతాయనుకుని హార్బర్‌కి పరిగెత్తకండి, పెద్ద బోట్లు వెళ్తే వారం పైనే సముద్రంలో ఉంటాయి. నెలాఖరుకి ఒక ఆదివారం పొద్దున్నే వేలంపాటలు జరిగే టైమ్‌కి వెళ్ళి కానాగడతలు తెచ్చాను, కిలో. పులుసు అమ్మే పెట్టింది, నేను పక్కన నిలబడ్డాను. గిన్నె దింపడం ఇంకా నేనే, చేపలు కడగడం కూడా. ఫిజియోథెరపీకి వారానికి మూడు రోజులు తీసుకెళ్తున్నాను, ఒక్కో సిట్టింగ్ నాలుగొందలు. బజార్లో ఇప్పుడు మామిడికాయలు అయిపోవచ్చాయి, బెండకాయలు, గోంగూర దిగుతున్నాయి.